రెండో మంగళవారం వచ్చే సామి

మనుషుల మీద కుళ్ళుకునేవాళ్ళను చాలామందిని చూశాను. సామి మీద కుళ్ళుకున్నదాన్ని మాత్రం నన్నొక్కదాన్నే చూశాను. నా తోడికోడలి ఒంటి మీదికి మా ఇంటిదేవత వచ్చేది. నెలకోసారి, రెండో మంగళవారం, చెప్పిపెట్టినట్టు వచ్చేది. ఆ రోజు సాయంత్రం మా ఇంటి ముందు ఊరివాళ్ళ చెప్పులు కుప్పగా పడి ఉండటం చూస్తే చాలు, నా కడుపులో మిరపకాయలు నూరినట్టుండేది. పాపమో పుణ్యమో, ఉన్నమాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత మంచిదాన్నని వేషం వెయ్యక్కర్లేదు.

మాది కోవిల్‌పట్టికీ ఎట్టయాపురానికీ మధ్య నల్లరేగడి ఊరు. పత్తి, మినుము, మక్కజొన్న. వాన పడితే పంట, లేకపోతే దుమ్ము. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ముత్తాతల నాటి నుంచి మాట్లాడుకునే ఆ తెలుగును మా ఊళ్ళో చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. బడిలో అందరం తమిళమే నేర్చుకున్నాం. ఇంట్లో మా అత్త, ఆమె ఇద్దరు కొడుకులు, పెద్దకోడలిగా నేను, చిన్నకోడలిగా ఆ పిల్ల, నా ఇద్దరు బిడ్డలు. పొయ్యి ఒకటే. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఒకే పొయ్యి మీద ఉడికిన కూర కూడా పక్క కంచంలో ఉంటే రుచిగానే కనబడుతుంది. ఆ సంగతి నన్నడగండి.

ముందు నా కథ చెప్పాలి. ఆరేళ్ళ కిందట పత్తి తీసే రోజుల్లో, ఎండ ఇంకా నడినెత్తికి రాకముందే, ఏ కారణమూ లేకుండా నా గుండె దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాలుక పిడచకట్టుకుపోయింది. వేళ్ళు తిమ్మిరెక్కి కోడికాళ్ళలా ముడుచుకున్నాయి. ఒళ్ళంతా ఒకటే వణుకు. ఇదే నా ఆఖరి రోజని నాకు ఖాయంగా తెలిసిపోయింది. ఎట్లా తెలిసిందంటే చెప్పలేను, ఆకలేస్తే తెలిసినట్టు తెలిసింది. ఒడిలోని పత్తి పారబోసి, చచ్చిపోతున్నాను, డాక్టరు దగ్గరికి తీసుకుపొండి అని చేనంతా వినపడేలా అరిచాను.

అదే నా తప్పయింది. మా ఇళ్ళల్లో కోడలి ఒళ్ళు వణికితే ముందు సామి అనుకుంటారు. పీట వేసి కూర్చోబెడతారు, పసుపునీళ్ళు పోస్తారు, చేతికి వేపమండ ఇస్తారు, కర్పూరం వెలిగిస్తారు. కానీ ఏ సామి అయినా డాక్టరును పిలవమంటుందా? నేను పిలవమన్నాను గనక నాకు వచ్చింది సామి కాదు, వాయువు. వాము నీళ్ళు తాగించారు. నాకు తగ్గకపోతే మూడో రోజు మా ఆయన కోవిల్‌పట్టికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు గుండెకు వైర్లు తగిలించి, పొడుగాటి కాగితం తీసి చూసి, గుండె రాయిలా ఉంది, ఏమీ లేదు అన్నాడు. ఆయన ధైర్యం చెబుదామనే అన్నాడు పాపం. మా అత్తకు మాత్రం అది కోర్టు తీర్పయింది.

"ఏమీ లేదంటనే. లేసి పని సూడు," అంది. ఆ తర్వాత నా గుండె ఎప్పుడు దడదడలాడినా నాకు దొరికింది ఆ ఒక్క మాటే. పనికి ఎగనామం పెట్టడానికి కొత్త దారి కనిపెట్టిందని వీధిలో అనుకున్నారు. నేను కొట్టం వెనక్కి పోయి, గోడకు వీపు ఆనించి, వణుకు తగ్గేదాకా కూర్చుని, మొహం కడుక్కుని వచ్చేదాన్ని. మళ్ళీ ఎప్పుడొస్తుందో అనే భయం మిగతా రోజులన్నిటినీ తినేసింది. చేనికి పోవాలంటే భయం, సంతకు పోవాలంటే భయం. బస్సెక్కితే దిగే మెట్టు పక్కనే కూర్చునేదాన్ని.

నా కన్నతల్లి విరుదునగర్‌లో ఉంటుంది, పప్పు మిల్లులో చెరిగే పని. ఒకసారి ఆమె ఇంట్లో ఉన్నప్పుడే నాకు అది వచ్చింది. ఆమె వాము వెతకలేదు, వేపమండ వెతకలేదు. మర్నాడు మిల్లుకు సెలవు పెట్టి పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. అక్కడ వరండా చివర మనసు డాక్టరు గది. నాకంటే చిన్నది ఆ డాక్టరమ్మ. అది ఎంతసేపుంటుంది, అది వచ్చే ముందు ఏమనిపిస్తుంది, అది పోయాక దేనికి భయపడతావు అని అడిగింది. మళ్ళీ వస్తుందేమోనని భయపడతానన్నాను. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు కాబట్టి ఆ జవాబు నాలో ఉందని నాకే తెలియదు. ఏడుపొచ్చింది.

దాని పేరు పదట్టం అంది తమిళంలో, మన మాటలో కంగారు. భయం ఇంటికి కాపలా కుక్కలాంటిదట. దొంగొస్తే మొరగాలి, అది దాని పని. నా కుక్క గాలికి ఆకు కదిలినా మొరుగుతోంది, అంతే. అది వచ్చినప్పుడు చచ్చిపోతామనిపిస్తుంది గానీ దానితో ఎవరూ చావరు, కాసేపటికి దానంతటదే దిగిపోతుంది. పారిపోయిన కొద్దీ అది మన మీద ఎక్కువ మొరుగుతుంది, కాబట్టి చేనికి పోవడం మానకు అంది. నాలుగు లెక్కపెట్టి ఊపిరి పీల్చడం, ఆరు లెక్కపెట్టి వదలడం నేర్పింది. మాత్రలిచ్చింది. నెలనెలా రెండో మంగళవారం రమ్మంది. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, అది వచ్చినప్పుడల్లా ఏం జరిగిందో రాయమంది.

రాస్తే ఇంట్లో ఎవరైనా చదువుతారు కదా. మనసు డాక్టరంటే మా ఊళ్ళో పైత్యం డాక్టరే, పిచ్చి డాక్టరన్నమాట. రేపు నా కూతురికి సంబంధం చూసే నాడు తల్లికి పైత్యమట అన్న మాట ముందు పోతుంది. అందుకని పిల్లల ఫోనులో చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మూడు నెలలు పట్టింది. ఇంట్లో అందరూ మాట్లాడే మాటను ఒక్కరూ చదవలేని అక్షరాల్లో రాసి, ఆ పుస్తకాన్ని మినుముల డబ్బాలో మాత్రల కింద దాచాను. డాక్టరమ్మకూ చదవడం రాదు. నేనే చదివి తమిళంలో చెప్పేదాన్ని. ఇంట్లో మాత్రం, అమ్మకు మోకాళ్ళ నొప్పులు, నూనె పెట్టి వస్తానని చెప్పేదాన్ని. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు పోయి, అయిదున్నర బస్సుకు వచ్చేదాన్ని. దారిలో సాత్తూరులో బస్సు ఆగితే మా అత్తకు కారసేవు కొనేదాన్ని. కారసేవు నోట్లో పడితే ఆమె ప్రశ్నలు అడగదు. ఇట్లా నేను నెమ్మదిగా బాగుపడ్డాను. ఒక్కదాన్నే బాగుపడ్డాను, అదీ దొంగతనంగా.

అప్పుడొచ్చింది చిన్నకోడలు. ఆలంగుళం అవతల ఊరు, తండ్రికి సున్నపురాయి గనిలో పని. తొమ్మిదేళ్ళప్పుడే తల్లి పోయిందట. మాట తక్కువ. నేను బావికి పోతే బావికి, కొట్టానికి పోతే కొట్టానికి, నీడలా నా వెనకే ఉండేది. నాకూ బాగానే ఉండేది, కాదనను. ఇంట్లో ఒకరైనా నన్ను పెద్దదాన్నిగా చూస్తున్నారని లోపల మురిసిపోయాను.

వచ్చిన ఏడాదికి, ఒక మంగళవారం సాయంత్రం నేను విరుదునగర్ నుంచి తిరిగొచ్చేసరికి ఇంటి ముందు జనం. లోపల పీట మీద ఆ పిల్ల, తల నుంచి కాలి దాకా పసుపునీళ్ళు, చేతిలో వేపమండ. కళ్ళు ఎటో చూస్తున్నాయి. పొద్దున్నే సామి వచ్చిందట, మధ్యాహ్నం దాకా దిగలేదట, దిగాక మళ్ళీ వచ్చిందట. ఆమె ఏమీ మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే నా గతే పట్టేది. ఒక ముసలాయన ఈ ఏడు వాన ఉందా తల్లీ అని అడిగితే తల ఊపిందట. వణికేవాళ్ళ తల ఊగక ఏం చేస్తుంది? మా అదృష్టమో ఆ పిల్ల ఖర్మో, వారంలో వాన పడింది. ఇక చూడండి, చుట్టుపక్కల మూడు ఊళ్ళకు మా ఇల్లు గుడి అయిపోయింది.

ఆ రోజు నుంచి నన్ను 'ఏమే' అని పిలిచే మా అత్త ఆ పిల్లను 'అమ్మా' అనడం మొదలుపెట్టింది. మంగళవారం ఎంగిలి గిన్నెలు ఆమె తాకకూడదట. అన్నం ముందు ఆమెకు పెట్టాలట. మా మరిది ఎప్పుడూ లేంది పసుపు చీర కొనుక్కొచ్చాడు. నా మొగుడు, నా సొంత మొగుడు, మిరపచేను ఎప్పుడు వెయ్యాలో ఆమెను అడిగాడు. పదేళ్ళుగా ఆ చేను కలుపు తీస్తున్నదాన్ని, నన్నొక్క మాట అడిగిన పాపాన పోలేదు. నేను గిన్నెలు తోముతూ, ఆ దేవతను మనసులో బండబూతులు తిట్టాను. నా ఒళ్ళు వణికిననాడు నువ్వెక్కడ చచ్చావే, నేను కనపడలేదా అని అడిగాను. పైగా ప్రతిసారీ నేను ఊళ్ళో లేనప్పుడే వచ్చేది. నేను బస్సెక్కడానికే కాచుకుని ఉన్నట్టుండేది. అది కూడా నాకు అవమానంగానే తోచింది.

ఇప్పుడు చెప్పేది నేను ఎవరికీ చెప్పనిది. మూడోసారో నాలుగోసారో, నేను కాస్త పొద్దుండగానే ఇంటికి చేరి, పీట దగ్గరికి పోయి చూశాను. వేపమండ పట్టుకున్న ఆమె వేళ్ళు కోడికాళ్ళలా ముడుచుకుని ఉన్నాయి. పెదవులు ఎండి అట్టలు కట్టాయి. గుడ్లు ద్వారం వైపు, పారిపోయే దారి వైపు తిరుగుతున్నాయి. నాకు అర్థమైపోయింది. ఆ వేళ్ళను నా నోటుపుస్తకంలో ఎన్నిసార్లు రాసుకున్నానో నాకు తెలుసు. అయినా చూసీచూడనట్టు లోపలికి పోయి చీర మార్చుకున్నాను.

నాలుగు రోజులకు ఆ పిల్లే నా దగ్గరికి వచ్చింది. నేను రోట్లో చట్నీ నూరుతున్నాను. పక్కన గొంతుక్కూర్చుంది. అత్త గుమ్మంలో లేదని చూసుకుని, గొంతు తగ్గించి అంది.

"అక్కా, నాకు వచ్చేది సామి కాదనిపిస్తాది. బయం. సచ్చిపోతాననే బయం. నీకెప్పుడన్నా ఇట్ల అయిందా?"

నా చెయ్యి పొత్రం మీదే ఉంది. మినుముల డబ్బా నాకు రెండు బారల దూరంలో ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే ఏమవుతుంది? ఆమె జబ్బుకు కర్పూరం, నా జబ్బుకు వాము నీళ్ళు. ఇప్పుడు ఆమె జబ్బుకు నేను దాచుకున్న మందు కూడా ఇవ్వాలా? నాకున్నది ఆ ఒక్క మంగళవారం, ఆ ఒక్క గది, ఆ ఒక్క డాక్టరమ్మ. అది కూడా ఆమెకే పెట్టాలా?

"లేదు," అన్నాను. "నాకెప్పుడూ కాలేదు."

ఆ పిల్ల లేచిపోయింది. తేలు కుట్టిన దొంగలా నేను నూరుతూ ఉండిపోయాను. ఆ పూట చట్నీలో ఉప్పు రెండుసార్లు పడింది. అందరూ తిట్టారు, ఆ పిల్ల తప్ప.

తర్వాత ఆమె నాతో ఆ సంగతి ఎత్తలేదు. మాసి నెల చివర మా అత్త ఒక నిర్ణయం చేసింది. ఆ వెంటనే వచ్చే పంగుని నెలలో మా దేవతకు పొంగలి పెడతారు, ఆ రోజు మొక్కుకున్నవాళ్ళు అగ్గిచట్టి ఎత్తుతారు. మట్టిచట్టిలో మండే కట్టెలు పెట్టి, అడుగున వేపాకు దట్టంగా పరిచి, ఒట్టి చేతులతో పట్టుకుని ఊరంతా తిరగడం. సామి వచ్చే ఇల్లు గనక ఈ ఏడు మా చిన్నకోడలే ముందు ఎత్తాలి. పొంగలి దాకా ఒంటిపూట భోజనం. ఊరు ఒప్పుకుంది, మా మరిది ఒప్పుకున్నాడు. ఆమెను అడిగినవాళ్ళు లేరు.

పిల్ల రోజురోజుకూ ఎండిపోయింది. రవికలు భుజాల మీద జారేవి. నీళ్ళబిందె దింపుతుంటే చేతులు వణికేవి. ఆ చేతుల్లో నిప్పు పెడతారా అనుకునేదాన్ని. చట్టి జారితే కాళ్ళు కాలతాయి. జారకపోయినా, ఊరి మధ్యలో అది వస్తే నిప్పు పట్టుకుని ఎక్కడికి పారిపోతుంది? అది తెలిసినదాన్ని ఊరు మొత్తంలో నేనొక్కదాన్నే. తెలిసి కూడా, పొంగలికి ఇంకా పన్నెండు రోజులుందిలే, చూద్దాంలే అని రోజులు జరిపాను. పన్నెండు పదయింది, పది ఎనిమిదయింది. ఊరంతా ఆమె కాళ్ళు కడుగుతుంటే నా నోరు పెగల్లేదు, అదీ నిజం.

పొంగలికి వారం ముందు రెండో మంగళవారం వచ్చింది. సంచి తీసుకుని, అమ్మ దగ్గరికి పోయొస్తానని చెప్పి, ఎనిమిది గంటల బస్సుకు బయలుదేరాను. బస్సెక్కి, టిక్కెట్టు కోసం సంచిలో చెయ్యి పెడితే నోటుపుస్తకం లేదు. ఆసుపత్రి చీటీ కూడా అందులోనే ఉంది. చీటీ లేకపోతే మళ్ళీ మొదటి నుంచి వరసలో నిలబడాలి. కండక్టరు తిట్టుకుంటుంటే ఊరి పొలిమేర మలుపులోనే దిగి వెనక్కి నడిచాను.

మా వీధి చివర నుంచే ఆ పిల్లను చూశాను. గుమ్మం బయట ఒక్కతే నిలబడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు, కర్పూరం లేదు, పసుపునీళ్ళు లేవు. ఒక చేత్తో గోడ పట్టుకుని, బస్సు పోయిన దారిలో దుమ్మును చూస్తోంది. మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఎగశ్వాస వస్తోంది. అన్ని నెలల్లో అది మొదలవడం నేను చూడటం అదే మొదటిసారి. నేను లేనప్పుడు మొదలయ్యేదాన్ని నేనెట్లా చూస్తాను?

నన్ను చూడగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. వచ్చి నా కొంగు పిడికిట్లో పట్టుకుంది. ఏమైందని అడిగాను. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ చెప్పింది.

"మా అమ్మ ఇట్లనే సంచి తీసుకోని బస్సెక్కె. ఆస్పత్రికి పోయి సాయంత్రం వస్తానని సెప్పె. రాలేదు. నువ్వు బస్సెక్కినప్పుడల్లా నువ్వు కూడా రావని... వద్దని ఒళ్ళుకు సెప్తా, అది ఇనదు అక్కా."

రెండో మంగళవారం దేవతకు ఇష్టమైన రోజని ఊరంతా నమ్మింది. అది నా ఆసుపత్రి రోజు. నేను బాగుపడటానికి పోయిన ప్రతిసారీ ఈ పిల్ల ఇక్కడ తల్లిని మళ్ళీ పోగొట్టుకుంటూ ఉంది. నేనేమో సాయంత్రం తిరిగొచ్చి, ఆమె పసుపు చీర చూసి ఏడ్చాను.

ఇంతలో మా అత్త బయటికి వచ్చింది. వణుకు చూసింది. సామి, సామి అంటూ వెనక్కి పరిగెత్తి పసుపునీళ్ళ చెంబు తెచ్చింది. పక్కిళ్ళవాళ్ళు వచ్చారు, ఎదురింటామె కర్పూరం తెచ్చింది. క్షణాల్లో పీట పడింది. కొంగు వదలకుండానే ఆ పిల్లను కూర్చోబెట్టారు. పొంగలి ముందు వచ్చింది గనక అగ్గిచట్టికి సామి ఒప్పుకున్నట్టే అని ఎవరో అన్నారు. పొద్దున తిండి లేని ఆ మొహం మీద చన్నీళ్ళు పడుతుంటే ఆమె కొంగును ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆమె పిడికిలి విప్పి, ఇప్పుడే వస్తానని చెప్పి, లోపలికి పోయాను. మినుముల డబ్బా తెచ్చి పీట ముందు బోర్లించాను. మినుములు, మాత్రల అట్టలు, చీటీ, నోటుపుస్తకం, అన్నీ అత్త కాళ్ళ దగ్గర పడ్డాయి.

"ఇది సామి అయితే, నాకు ఆరేండ్లుగా సామి వస్తుండాది అత్తా," అన్నాను. "నాకూ ఆరతి పట్టు."

నేను పీట పక్కన నేల మీద కూర్చుని పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను. మా ఇంటి తెలుగే, మా అత్త మాట్లాడే తెలుగే. పత్తిచేన్లో గుండె దడదడ కొట్టుకొనె. నాలుక ఎండె. వేళ్ళు ముడుసుకొనె. ఈ పొద్దు సస్తానని తెలిసె. పేజీ తిప్పాను. సంతలో కాళ్ళ కింద నేల జరిగె, పారిపోవాల అనిపించె. ఒక్కో వరస చదువుతుంటే పీట మీద ఆ పిల్ల తల ఊపుతోంది. అవును, అవును అని ఊపుతోంది. వాన వస్తుందా అని అడిగినప్పుడు ఊపిన తలే. ఈసారి అది దేనికి ఊగుతోందో అందరికీ తెలిసింది. కర్పూరం తెచ్చినామె పళ్ళెం కింద పెట్టింది.

పుస్తకం మూసి, నా వైపు చూడమన్నాను. నాలుగు లెక్కపెట్టి పీల్చు, ఆరు లెక్కపెట్టి వదులు. నేను లెక్కపెట్టాను, ఆమె పీల్చింది. మొదట రెండు దాటలేదు. ఇది ప్రాణం తియ్యదు, దిగిపోతుంది, నాకు వంద సార్లు దిగింది అని చెబుతూనే లెక్కపెట్టాను. పావుగంటకు వేళ్ళు విచ్చుకున్నాయి. వేపమండ దానంతటదే జారి కింద పడింది.

తర్వాత అంతా చక్కబడిందని చెబితే అబద్ధం. మా అత్త మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంటి పరువు వీధిలో పారబోశానని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. జబ్బు దాచినందుకు కాదు, అయిదేళ్ళు అమ్మ మోకాళ్ళ పేరు చెప్పి మోసం చేసినందుకు మా ఆయన అలిగాడు. నిజం చెబితే నువ్వు పంపేవాడివా అని అడిగాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చేనికి పోయాడు. నాలుగో రోజు అత్త నా దగ్గరికి వచ్చి, ఇంకా మొహం ముడుచుకునే అడిగింది.

"నీకు అట్ల అయినప్పుడు, నేను లేసి పని సూడమంటినే. నువ్వు యాడికి పోతుంటివి?"

కొట్టం వెనక్కి అన్నాను. ఆమె కొట్టం వైపు చాలాసేపు చూసింది. పొంగలి నాడు అగ్గిచట్టి ఆమే ఎత్తింది, అరవై దాటిన వయసులో. మొక్కు మొక్కే, దానికి కోడలి చేతులెందుకు అంది.

తర్వాతి రెండో మంగళవారం ఇద్దరం కలిసి విరుదునగర్ పోయాం. మా మరిది వెంట వచ్చాడు. ఆమెకు కిటికీ పక్క సీటు పట్టాడు, సాత్తూరులో వెళ్ళరిక్కాయ, అదే కీరదోసకాయ, కోయించి పెట్టాడు. నేను ఆ దారిలో ఎండలో వానలో ఒక్కదాన్నే పోయిన రోజులు లెక్కపెట్టుకుంటూ వెనక సీట్లో కూర్చున్నాను. డాక్టరమ్మ ఆమెతో నాకంటే ఎక్కువసేపు మాట్లాడింది. ఆమె తల్లి సంగతి చెబుతుంటే డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నా కోసం ఎప్పుడూ తుడుచుకోలేదు. మళ్ళీ కడుపు మండింది. మనిషి బుద్ధి, ఎక్కడికి పోతుంది? కాకపోతే ఈసారి మండుతున్నదని నాకు తెలుసు, తెలిసి ఊరుకున్నాను.

నాలుగు నెలలకు నా మాత్రలు తగ్గించి, నన్ను ఇక మూడు నెలలకోసారి రమ్మన్నారు. ఆ పిల్ల మాత్రం నెలనెలా పోవాలి. ఒక్కతే బస్సెక్కడం కూడా మందేనని డాక్టరమ్మ చెప్పిందట. తర్వాతి రెండో మంగళవారం పొద్దున నా సంచే తీసుకుని బయలుదేరింది. బస్సు కిటికీలోంచి వంగి, "సాయంత్రం వస్తానక్కా," అంది. పోయిరా తల్లీ అన్నాను. బస్సు కదిలింది, దుమ్ము లేచింది.

ఇంట్లో పని ఎంత ఉన్నా నాకు చేతులు ఆడలేదు. పదకొండు గంటలకు ఆసుపత్రిలో వరస ఎక్కడిదాకా వచ్చుంటుందో అనుకున్నాను. రెండు గంటలకు మాత్రలు తీసుకుని ఉంటుంది అనుకున్నాను. మూడు గంటలకు గుమ్మంలోకి వచ్చి నిలబడితే, గుండె ఆ పాత దడ మొదలుపెట్టింది. ఒక చేత్తో గోడ పట్టుకున్నాను. పట్టుకున్నాక చూశాను, ఆమె పట్టుకునే చోటే అది. సున్నం అక్కడ అరచేతి మేర అరిగిపోయి ఉంది. ఎన్ని మంగళవారాలు నిలబడితే అంత అరుగుతుంది? నాలుగు లెక్కపెట్టి పీల్చాను, ఆరు లెక్కపెట్టి వదిలాను. మా అత్త ఒక పీట తెచ్చి నా పక్కన వేసింది. నేను కూర్చోలేదు.

అయిదున్నర బస్సు అయిదూ ముప్పావుకు వచ్చింది. ఆమె దిగి, కారసేవు పొట్లం పట్టుకుని నడిచి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, గోడ మీది నా చెయ్యి చూసింది, నా మొహం చూసింది.

"నీకు ఇట్ల అయిందా అక్కా?" అంది.

"అయింది," అన్నాను.